గాలిమరల చప్పుడు, పక్కనున్న ఊరు: ఇంజనీరింగ్ పిల్లలకు ఎలా చెప్పాలి?

కొండగాలి | ఆదివారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. నేను అనంతపురం జిల్లాలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తాను. ఫైనలియర్ ఈఈఈ, మెకానికల్ పిల్లలకు పవన విద్యుత్తు ఎలక్టివ్ నాదే. పోయిన సెమిస్టర్‌లో క్లాసులో జరిగింది ఒకటి ఇంకా మనసులోంచి పోవడం లేదు.

బోర్డు మీద ఒక మామూలు లెక్క ఇచ్చాను. గాలిమర ధ్వని శక్తి స్థాయి, అంటే పుట్టే చోట శబ్దపు బలం, 105 డెసిబెల్స్, 500 మీటర్ల దూరంలో ఒక ఇల్లు. శబ్దం అర్ధగోళంగా పరుచుకుంటుందనుకుంటే ఇంటి దగ్గర ఎంత వినపడుతుంది? అందరికీ 43 వచ్చింది. మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి పరిమితి 45. పిల్లలంతా ‘పరిమితిలోనే ఉంది’ అని రాసి కింద గీత కొట్టేశారు. నేనూ టిక్కులు పెట్టుకుంటూ పోతున్నాను.

చివరి బెంచీలో ఒకమ్మాయి లేచింది. వాళ్ళది ఉరవకొండ వైపు పల్లె. “సార్, మా ఇంటికి గాలిమర ఫ్యాను ఇంచుమించు అంతే దూరం. ఆషాఢం గాలి మొదలైతే మా అవ్వ మిద్దె మీద పడుకోవడం మానేసి మంచం లోపలికి తెచ్చుకుంటుంది. లోపల ఉక్క, పొద్దున లేచేసరికి ఒళ్ళంతా చెమట. పరిమితిలోనే ఉంటే మరి ఆమెకు నిద్రెందుకు పట్టదు సార్?”

రేపు చెప్తానమ్మా అన్నాను. రేపు కూడా చెప్పలేకపోయాను. నాకు రెక్క ఆకారం తెలుసు, గేర్‌బాక్సు తెలుసు, గ్రిడ్డు తెలుసు. ఆమె అడిగింది వాటి గురించి కాదు.

వచ్చే సెమిస్టర్‌లో దీనికోసం మూడు వారాలు కేటాయించాలనుకుంటున్నాను. ఇంజనీరింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే ఎన్‌బీఏ వాళ్ళ ఫైళ్ళలో ‘ఇంజనీరు, సమాజం’ అని మేం ఏటా ఒక గడి నింపుతూనే ఉన్నాం. ఈసారి నిజంగా ఒక ఊరికి వెళ్ళి చేద్దామని ఉంది. ఏం చెప్పాలి, ఏం చేయించాలి? ఈ పనిలో ఉన్నవాళ్ళు, ఊళ్ళలో ఉన్నవాళ్ళు దయచేసి చెప్పండి.

---

డెసిబెల్ దారి | సోమవారం, ఉదయం 7:05

కొండగాలి గారూ, నేను హైదరాబాద్‌లో శబ్దం కొలిచే పని చేస్తాను. మీ పాఠాన్ని ఆ అమ్మాయి ప్రశ్నతోనే మొదలుపెట్టండి, వేరే ఉపోద్ఘాతం అక్కర్లేదు.

మీ లెక్కలో వచ్చిన 43నే పట్టుకోండి. ఈ అంకె యాదృచ్ఛికంగా ఇంకోచోట కూడా ఉంది. బ్రిటన్‌లో 1996లో గాలిమరల శబ్దం మీద ఈటీఎస్‌యూ-ఆర్-97 అనే పద్ధతి తెచ్చారు. అందులో రాత్రిపూట ఇంటి బయట కనీస పరిమితి 43 డెసిబెల్స్. ఆ 43 ఎలా వచ్చిందో పిల్లలతో విప్పించండి. నిద్ర చెడకుండా ఉండాలంటే గది లోపల 35 మించకూడదు అనుకున్నారు. తెరిచిన కిటికీ అయినా సరే బయటి శబ్దాన్ని 10 డెసిబెల్స్ తగ్గిస్తుంది కాబట్టి దానికి 10 కలిపారు. వాళ్ళు కొలిచేది సగటు శబ్దం కాదు, పది నిమిషాల్లో 90 శాతం సమయం ఏ స్థాయికి మించి ఉంటుందో అది. అది సగటు కంటే కాస్త తక్కువ వస్తుంది కాబట్టి 2 తీసేశారు. అదీ 43.

అంటే ఆ అంకెలో ఒక గోడ ఉంది, ఒక కిటికీ ఉంది, లోపల పడుకున్న మనిషి ఉన్నాడు. అవ్వ పడుకునే మిద్దె మీద గోడా లేదు, కిటికీ లేదు. ఆ 10 డెసిబెల్స్ ఆమెకు ఎవరిస్తారు? మన పల్లెల్లో మనుషులు ఎక్కడ పడుకుంటారో, ఏ నెలల్లో బయట పడుకుంటారో తెలియకుండా ఏ పరిమితినైనా పెడితే అది వేరే దేశపు ఇంటికి పెట్టిన పరిమితే అవుతుంది. పిల్లల చేత ముందు మంచాలు లెక్కపెట్టించండి సార్. మే నెలలో ఎన్ని బయట, జూలైలో ఎన్ని బయట, ఎందుకు మారాయి అని.

ఇక రెండో విషయం. మీ లెక్కలో గాలిమర ఒక్కటే ఉంది. అంతే దూరంలో అలాంటిదే ఇంకొకటి పెట్టి చూడండి, 3 డెసిబెల్స్ పెరిగి 46 అవుతుంది, పరిమితి దాటిపోతుంది. గాలి శబ్దాన్ని పీల్చుకునేది కలుపుకుంటే ఒకటి రెండు డెసిబెల్స్ తగ్గుతుందనుకోండి. అయినా ‘పరిమితిలోనే ఉంది’ అని గీత కొట్టేంత ధైర్యం ఆ లెక్క ఇవ్వదు.

మూడోది సగటు. మన నిబంధనల్లో ఉన్నది కాలం మీద తీసిన సగటు. గాలిమర చప్పుడు ఒకే తీరుగా సాగదు. నిమిషానికి 15 చుట్లు తిరిగితే మూడు రెక్కలకు 45 సార్లు, అంటే సెకనున్నరలోపే ఒక ‘హుష్’. ఇంట్లో సీలింగ్ ఫ్యాను రాత్రంతా గుయ్‌మంటున్నా పసిబిడ్డ కూడా హాయిగా నిద్రపోతుంది. అదే ఫ్యాను క్లాంపు వదులై టక్... టక్... అంటే ఇంట్లో అందరూ లేచి కూర్చుంటారు. సగటు తీస్తే రెండింటికీ పెద్ద తేడా కనపడదు.

---

నాసెల్ మెట్లు | సోమవారం, మధ్యాహ్నం 1:40

నేను మెయింటెనెన్స్‌లో పనిచేస్తాను, రోజూ టవరెక్కే మనిషిని. సార్, మీ ఆలోచన మంచిదే కానీ ఒక్క మాట. సౌండ్ మీటరు పట్టుకుని నలభై మంది పిల్లలు ఊళ్ళోకి దిగితే నష్టపరిహారం ఇవ్వడానికి వచ్చారనుకుంటారు. తర్వాత టెన్షన్ మాకు. ముందే పెద్దమనుషులతో మాట్లాడి, ఇది చదువు కోసమేనని రచ్చకట్ట దగ్గర నలుగురి ముందూ చెప్పండి.

పిల్లలకు నేర్పాల్సింది ఇంకొకటి ఉంది. అన్ని చప్పుళ్ళూ ఒకటి కావు. రెక్క అంచు గాలిని కోసేటప్పుడు వచ్చే హుష్ వేరు. రోటరు వ్యాసం 100 మీటర్లు ఉండి 15 చుట్లు తిరిగితే రెక్క కొన గంటకు 280 కిలోమీటర్లకు పైగా వేగంతో పోతుంటుంది, ఆ చప్పుడు పూర్తిగా పోయేది కాదు. కానీ గేర్‌బాక్సు నుంచి సన్నగా ఒకే స్వరంలో ఈల వస్తున్నా, గాలి దిశకు నాసెల్ (టవరు పైన యంత్రాలుండే పెట్టె) తిరిగేటప్పుడు కీచుమన్నా అది రిపేరుకు వచ్చిందని అర్థం, బాగుచేయొచ్చు. ఊరివాళ్ళు “ఈ మధ్య చప్పుడు మారింది” అంటే నేను వెంటనే నమ్ముతాను. రెండుసార్లు వాళ్ళ మాటతోనే లోపల బేరింగు పోతోందని పట్టుకున్నాం.

బాధ ఏంటంటే ఆ మాట మాదాకా రాదు. ఊరివాళ్ళు గేటు దగ్గర వాచ్‌మన్‌కు చెప్తారు. వాచ్‌మన్ ఏం చేస్తాడు, “సరేలే పెద్దాయనా” అంటాడు. అక్కడితో సరి. మీ పిల్లల చేత ఫిర్యాదు రాసుకునే పద్ధతి ఒకటి తయారు చేయించండి: తేదీ, గంట, గాలి ఎటునుంచి, చప్పుడు ఎలా ఉంది, ఏ ఫ్యాను. మెషిన్‌లో ప్రతి పది నిమిషాల రికార్డు మా దగ్గర ఉంటుంది. రెండూ పక్కపక్కన పెడితే నిజం తెలిసిపోతుంది. దీనికి పెద్ద ఖర్చు కూడా లేదు.

---

ఎర్రనేల | సోమవారం, రాత్రి 8:15

మాది వజ్రకరూరు దగ్గర. మా చేనుకు ఎదురుగా నాలుగు ఫ్యాన్లు. నాకు కరెంటు వద్దని ఎప్పుడూ లేదు, మా పిల్లోళ్ళు ఇద్దరు ఐటీఐ చదివి ఆ సైట్లలోనే పనికి పోతున్నారు. అయినా ఉన్నది చెప్తా.

భూమి అమ్మినోళ్ళకు ఒకసారి డబ్బులొచ్చినాయి. కొందరికి వాచ్‌మన్ ఉద్యోగాలు. పక్క చేను నాది, నాకు దుమ్మూ చప్పుడే. భూమి అమ్మినాయన ఇల్లు నాకంటే దగ్గర. ఆయన్ను అడిగితే “ఏం చప్పుడప్పా, నాకేం వినపడ్లేదే” అంటాడు. అబద్ధమేం కాదు, ఆయనకు నిజంగానే నిద్ర పడుతుంది. నాకు పట్టదు. మీరు పిల్లోళ్ళకు చెప్పేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పండి సార్. మీటరు పెడితే ఆయనింటి దగ్గరే ఎక్కువ చూపిస్తుంది.

ఇంకోటి. గాలి బాగా వీచేటప్పుడు చెట్లు కూడా చప్పుడు చేస్తాయి, అప్పుడు అంత తెలీదు. గాలి లేనట్టుండే రాత్రి ఉంటుంది చూడండి, కింద వేపాకు కదలదు, పైన ఫ్యాను మాత్రం తిరుగుతానే ఉంటుంది. ఆ రాత్రే నరకం.

---

ఒంటారియో తెలుగు | మంగళవారం, ఉదయం 6:30

ఎర్రనేల గారూ, మీరు చెప్పిన రెండు మాటలూ పరిశోధనల్లో తేలినవే.

మొదటిది: నెదర్లాండ్స్‌లో గాలిమరల దగ్గరుండే 725 మందిని అడిగి 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. గాలిమరల వల్ల ఆదాయం ఉన్నవాళ్ళు ఎక్కువ శబ్దం మధ్యలో ఉన్నా, విసుగు మాత్రం చాలా కొద్దిమందికే. బ్రిటన్ పద్ధతిలో కూడా ఆర్థికంగా లాభం ఉన్న ఇళ్ళకు పరిమితి 45 దాకా పెంచుతారు. డబ్బు వల్ల చెవి మారదు. ‘ఇది నాది, నన్ను అడిగి పెట్టారు’ అనే భావన వల్ల అదే చప్పుడు వేరేగా వినపడుతుంది. అడగకుండా వచ్చిన చప్పుడు మనిషిని ఎక్కువ బాధిస్తుంది.

రెండోది: ఫ్రిట్స్ వాన్ డెన్ బెర్గ్ అనే డచ్ శాస్త్రవేత్త జర్మనీ సరిహద్దులో ఒక విండ్ పార్కు దగ్గర కొలిచి 2004లో రాశారు. రాత్రి నేల చల్లబడ్డాక కింద గాలి నెమ్మదిస్తుంది, పైన రెక్కలు బిగించిన హబ్ ఎత్తులో మాత్రం జోరుగానే ఉంటుంది. 10 మీటర్ల ఎత్తులో కొలిచిన గాలిని బట్టి వేసిన అంచనా కంటే పైన గాలి 2.6 రెట్ల దాకా, శబ్దం 15 డెసిబెల్స్ దాకా ఎక్కువ వచ్చాయి. మీ వేపాకు సంగతి అదే.

నేనుండే రాష్ట్రంలో ఇంటికీ గాలిమరకూ కనీసం 550 మీటర్లు ఉండాలని, మామూలు గాలిలో 40 డెసిబెల్స్ మించకూడదని నియమం పెట్టారు. అయినా ఊళ్ళు రెండుగా చీలిపోయాయి. కెనడా ఆరోగ్య శాఖ 1,238 మందితో సర్వే చేసి 2014లో ఫలితాలు చెప్పింది. శబ్దానికీ జబ్బులకూ, నిద్ర నాణ్యతకూ సంబంధం కనపడలేదు. శబ్దం పెరిగేకొద్దీ విసుగు పెరగడం మాత్రం స్పష్టంగా కనపడింది. ఈ రెండు వాక్యాల్నీ విడదీయకుండా పిల్లలకు చెప్పండి. ఇక్కడ ఒక వర్గం మొదటి వాక్యాన్నీ, ఇంకో వర్గం రెండో వాక్యాన్నీ మాత్రమే పట్టుకుని ఏళ్ళ తరబడి పోట్లాడుకున్నారు.

---

కడప కబురు | మంగళవారం, ఉదయం 11:10

వినపడని శబ్దం ఒకటి వస్తుందని, దాంతో గుండె జబ్బులు వస్తాయని వాట్సాప్‌లో చూశాను. మా అక్కావాళ్ళ ఊరి పక్కన కొత్తగా పెడుతున్నారు. ఆమె బాగా భయపడుతోంది. దాని గురించి ఎవరూ రాయలేదే?

---

డెసిబెల్ దారి | మంగళవారం, మధ్యాహ్నం 2:25

మంచి ప్రశ్న అడిగారు. మీ అక్కకు ధైర్యం చెప్పండి. గాలిమరల నుంచి ఇన్‌ఫ్రాసౌండ్, అంటే మీరన్న ఆ వినపడని శబ్దం, వస్తుంది, నిజమే. కానీ ఇళ్ళ దగ్గరికొచ్చేసరికి అది మనిషి పసిగట్టే స్థాయికి చాలా కింద ఉంటుంది. సిడ్నీలో శబ్దమంటే పడనివాళ్ళు 37 మందిని ల్యాబులో 72 గంటల చొప్పున ఆ ఇన్‌ఫ్రాసౌండ్‌లో ఉంచి చూశారు, ఫలితాలు 2023లో వచ్చాయి. నిద్రలో కానీ, గుండె, మెదడు పరీక్షల్లో కానీ తేడా రాలేదు. న్యూజిలాండ్‌లో జరిగిన ఇంకో ప్రయోగంలో, ఇన్‌ఫ్రాసౌండ్ హాని చేస్తుందని ముందే వీడియో చూసినవాళ్ళకు ఉత్తుత్తి శబ్దం పెట్టినా లక్షణాలు వచ్చాయి.

అలాగని “అంతా భ్రమ” అని ఊరివాళ్ళ ముఖం మీద అనే ఇంజనీరును మనం తయారు చేయకూడదు. వినపడే హుష్ ఉంది, నిద్ర చెడుతోంది. దాన్ని వినపడని దానితో కలిపి కొట్టిపారేస్తే, న్యాయమైన ఫిర్యాదు కూడా కొట్టుకుపోతుంది.

---

ఫైనలియర్ బెంచీ | మంగళవారం, రాత్రి 10:50

సార్, నేను మీ కాలేజీ కాదు కానీ మా కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టులో ఇదే ప్రయత్నించాం. ఫోన్‌లో యాప్ వేసుకుని జూన్‌లో కొలిచాం. 70 చూపించింది! అందరం ఎగిరి గంతేశాం, పేపర్‌కి ఇద్దామనుకున్నాం. తర్వాత మా మేడమ్ ఫోన్ మీద కర్చీఫ్ కప్పి చూడమన్నారు. ఒక్కసారిగా పడిపోయింది. మేం కొలిచింది ఫోను మైకుకు కొట్టుకునే గాలినే.

అప్పుడు బాగా సిగ్గేసింది. 70 అని పేపర్లో వచ్చి ఉంటే, తర్వాత అది తప్పని తేలితే, ఆ ఊరివాళ్ళ మాట ఇంకెవరూ వినేవాళ్ళు కాదు.

---

డెసిబెల్ దారి | బుధవారం, ఉదయం 7:30

తమ్ముడూ, ఇది దాచకుండా చెప్పావు, ప్రతి బ్యాచ్‌కూ చెప్పాల్సిన సంగతి. సార్, క్లాస్ 1 సౌండ్ మీటరు అద్దెకు తెచ్చుకోండి. మైకు మీద పెద్ద ఫోమ్ బంతి తప్పనిసరి, ముందూ వెనకా క్యాలిబ్రేటరుతో సరిచూడాలి. ట్రైపాడ్ మీద మనిషి ఎత్తుకు కాస్త తక్కువలో పెట్టి, గోడలకు దూరంగా జరపండి. వీలైతే సైట్ వాళ్ళను బతిమాలి ఓ పది నిమిషాలు ఫ్యాన్లు ఆపించండి. ఆపినప్పుడు ఎంత, తిరిగేటప్పుడు ఎంత అన్న తేడానే అసలు కొలత.

---

మంద వెనక | బుధవారం, సాయంత్రం 6:00

మా నాయన గొర్రెలు మేపేవాడు, నేను డిగ్రీ దాకా సెలవుల్లో ఆయన వెంట తిరిగాను. ఇక్కడ అందరూ నిద్ర గురించే మాట్లాడుతున్నారు. కాపరికి చెవే కన్ను. రాత్రి కొండవారన మంద వేసినప్పుడు మా నాయన కళ్ళు మూసుకునే గంటల చప్పుడు వింటూ పడుకునేవాడు. గంటలు ఒక తీరుగా మోగుతుంటే అన్నీ నెమరేస్తున్నట్టు. ఒక్కసారిగా అన్నీ మోగితే తోడేలు వచ్చినట్టు. ఒకటి దూరంగా మోగితే ఏదో తప్పిపోయినట్టు. ఫ్యాన్లు పెట్టాక ఆ కొండవారన మంద వేయడం మానేశాడు. “గంటలు వినపడ్తల్యా” అన్నాడు, అంతే. అది ఏ ఫిర్యాదు పుస్తకంలోకీ ఎక్కదు, ఎందుకంటే కాపరికి అక్కడ ఇల్లు లేదు. మీ లెక్కలన్నీ ఇంటి గోడ దగ్గరే కదా మొదలయ్యేది.

చెన్నేకొత్తపల్లి వైపు కల్పవల్లిలో ఊళ్ళవాళ్ళు ఏళ్ళ తరబడి కాపాడుకున్న అడవి గుట్టల మీద గాలిమరల కోసం రోడ్లు వేసినప్పుడు కూడా మేతభూమి, వాగుల గొడవే ప్రధానంగా నడిచింది. చప్పుడు విడిగా రాదు సార్. రోడ్డుతో, దుమ్ముతో, మేతతో కలిసే వస్తుంది.

---

కొండగాలి | బుధవారం, రాత్రి 9:45

‘మంద వెనక’ గారూ, మీ పోస్టు మూడుసార్లు చదివాను. పదిహేనేళ్ళుగా ఈ సబ్జెక్టు చెప్తున్నాను, లెక్కలో ‘ఇల్లు’ అన్న చోట కాపరి పడుకునే కొండవార ఉండొచ్చని ఒక్కసారీ తట్టలేదు. కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ 2016 మార్గదర్శకాల్లోనూ నివాసాలకు 500 మీటర్ల లోపు గాలిమర పెట్టకూడదనే ఉంది. నివాసం అంటే ఇల్లే. పైగా 2006 పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్‌లో ముందస్తు అనుమతి కావాల్సిన ప్రాజెక్టుల జాబితాలో పవన విద్యుత్తు లేదు కాబట్టి, ప్రజాభిప్రాయ సేకరణ పెట్టి కాపరి మాట వినాల్సిన అవసరం కూడా పడదు. పిల్లలు ఇది తెలుసుకునే కాలేజీ నుంచి బయటికి వెళ్ళాలి. రేపు ఆ లేఔట్లు గీసేది వాళ్ళే.

---

ఆర్హుస్ నుంచి | గురువారం, మధ్యాహ్నం 12:20

డెన్మార్క్ నుంచి రెండు ముక్కలు. ఇక్కడ పల్లెలో విడిగా ఉన్న ఇంటి దగ్గర సెకనుకు 6 మీటర్ల గాలిలో 42, 8 మీటర్ల గాలిలో 44 డెసిబెల్స్ దాటకూడదు. కాలనీల్లో అయితే 37, 39. తక్కువ పౌనఃపున్యాల శబ్దానికి ఇంటి లోపల వేరే పరిమితి, 20. గాలి వేగాన్ని బట్టి పరిమితి ఉండటం గమనించండి, మన ఒక్క 45తో పోల్చి చూపించండి. ఇక 2009 నుంచి కొన్నేళ్ళపాటు కొత్త గాలిమరల్లో కనీసం 20 శాతం వాటాలు నాలుగున్నర కిలోమీటర్ల లోపు ఉన్నవాళ్ళకు ముందుగా అమ్మజూపాలని చట్టం ఉండేది. ఎర్రనేల గారు చెప్పిన ‘పక్క చేను’ సమస్యకు అది ఒక ప్రయత్నం. వాటా కొనడానికి చేతిలో డబ్బుండాలి, కాబట్టి అందరికీ అందలేదు. కానీ మాట్లాడటానికి ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టింది.

రెక్క వెనక అంచుకు రంపపు పళ్ళలాంటి పట్టీలు అతికిస్తే రెండు మూడు డెసిబెల్స్ తగ్గుతాయి. పాత రెక్కలకు కూడా అతికించొచ్చు. రాత్రి తక్కువ శబ్దపు మోడ్‌లో నడిపితే ఇంకొంచెం తగ్గుతుంది, ఉత్పత్తి కొంత పోతుంది. ఎన్ని యూనిట్లు పోతే ఎంత నిద్ర దక్కుతుంది? దీన్ని పిల్లలకు లెక్కగా ఇవ్వండి.

---

ఒంటారియో తెలుగు | గురువారం, రాత్రి 8:00

ఇంకొక కేసు కూడా చేర్చుకోండి. ఆస్ట్రేలియాలో బాల్డ్ హిల్స్ అనే విండ్ ఫామ్ మీద 2022లో విక్టోరియా సుప్రీంకోర్టు తీర్పు. రాత్రిళ్ళు అప్పుడప్పుడు వచ్చిన చప్పుడు పక్కవాళ్ళ నిద్రకు భంగం కలిగించిందని కోర్టు తేల్చి నష్టపరిహారం ఇప్పించింది. ‘అప్పుడప్పుడు’ అన్న మాట కింద గీత గీయించండి.

---

కొండగాలి | శుక్రవారం, రాత్రి 9:10

అందరికీ చేతులెత్తి నమస్కారం. ఇప్పటికి ఇలా అనుకుంటున్నాను. మొదటి వారం క్లాసులో లెక్క ఉండదు. 43 ఎలా పుట్టిందో విప్పడం, కెనడా సర్వే రెండు వాక్యాలు, బాల్డ్ హిల్స్. రెండో వారం ఊరు. నలభై మంది కాదు, ఎనిమిది మంది. మీటరు మొదటి రాత్రి పెట్టెలోంచి తీయరు. మిద్దె మీద పడుకుంటారు, ఎన్నిసార్లు మెలకువ వచ్చిందో ఎవరికి వాళ్ళు రాసుకుంటారు. పొద్దున మంచాల లెక్క, కాపరులతో మాటలు. రెండో రాత్రి కొలత. మూడో వారం నాసెల్ మెట్లు గారు చెప్పిన ఫిర్యాదు పుస్తకం, తెలుగులో, చదువు రానివాళ్ళకు బొమ్మలతో. దాన్ని సైటు ఆఫీసుకూ పంచాయతీకీ ఇచ్చి వస్తాం.

ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. వాళ్ళ ఊరికే రమ్మంది. అవ్వ ఒప్పుకుందట. ఒక షరతు పెట్టిందట, రిపోర్టు ఇంగ్లీషులో రాసుకుని వెళ్ళిపోవద్దని, ఏం తేలిందో తనకు కూర్చోబెట్టి చదివి వినిపించాలని.

---

నాసెల్ మెట్లు | శుక్రవారం, రాత్రి 9:55

రెండో రాత్రి ఫ్యాన్లు పది నిమిషాలు ఆపడానికి మా మేనేజర్‌ను అడుగుతాను సార్. తేదీ చెప్పండి. గాలి ఎక్కువున్న రాత్రి ఒప్పుకోరు, ఉత్పత్తి పోతుందంటారు. కానీ ఎర్రనేల అన్న చెప్పిన రాత్రి, ఆ వేపాకు కదలని రాత్రి కావాలని అడుగుతాను.

---

ఎర్రనేల | శనివారం, ఉదయం 5:40

అట్లాంటి రాత్రి కావాలంటే ఆషాఢంలో కాదు, గాలులు తగ్గినాక కార్తీకంలో రండి. అవ్వను చూసినాక మా ఊరికి కూడా రండి. మిద్దె మీద నలుగురికి చోటుంది. దుప్పట్లు తెచ్చుకోండి, తెల్లారుజామున చలేస్తుంది.